ఆరు డిగ్రీల గుంటూరు

గుంటూరులో చలి చూడాలంటే మార్చిలో రావాలి. సంక్రాంతి రోజుల్లో వస్తే తెల్లవారుజామున పొలాల మీద పల్చగా మంచు కనిపిస్తుంది, తొమ్మిదింటికల్లా ఎండ దాన్ని ఊడ్చేస్తుంది. మిరప కోతలు ఊపందుకుని, యార్డు నిండి, అమ్ముడుపోని సరుకు కోల్డ్ స్టోరేజీల దారి పట్టాకే అసలు చలి మొదలవుతుంది. గుంటూరు చుట్టుపక్కల అలాంటి గోదాములు వందకు పైగా ఉన్నాయి. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే లోపల నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య, పగలూ రాత్రీ తేడా లేకుండా, నెలల తరబడి నిలిచి ఉండే చలి అది. తెలుగు నేల మీద చలి అనగానే అందరికీ లంబసింగి, ఆదిలాబాద్ గుర్తొస్తాయి. అక్కడి చలి కొద్ది వారాల ముచ్చట. గుంటూరుది కరెంటు బిల్లు కట్టి పోషించే చలి.

నేను ఆ చలిని వెతుక్కుంటూ వెళ్లింది సెల్‌ఫోన్ల కోసం. 2019 జనవరి ఆఖరులో చికాగోని ధ్రువపు చలి కమ్మేసింది. 30వ తేదీన ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 31 డిగ్రీల దగ్గర నమోదైంది. అక్కడ ఉద్యోగం చేసుకునే మా మేనల్లుడు ఆ వారమే ఇంటికి ఫోన్ చేసి, “మామయ్యా, సగం ఛార్జింగ్ ఉన్న ఫోన్ బస్టాప్‌లో చేతిలోనే ఆరిపోయింది, ఇంటికొచ్చి కాసేపు పక్కన పెడితే దానంతటదే బాగైంది” అన్నాడు. దూరదేశపు వింతగా విని ఊరుకున్నాం. చాలాకాలం తర్వాత గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తా అచ్చం అదే మాట చెప్పాడు. చికాగో ఆకాశం చేసే పనిని ఇక్కడ అమ్మోనియా గొట్టాలు చేస్తున్నాయన్నమాట. దాన్ని కళ్లారా చూడాలనీ, అక్కడినుంచి పల్నాడు మీదుగా ప్రకాశం దాకా వెళ్లి మన ఎండ ఇదే బ్యాటరీని ఏం చేస్తుందో కూడా చూడాలనీ బయలుదేరాను.

చిలకలూరిపేట రోడ్డులో మిర్చి యార్డు. గేటు ఇంకా దూరంగా ఉండగానే ముక్కు చెబుతుంది. కొత్తవాళ్లు తుమ్ముతారు, దగ్గుతారు, కళ్లు తుడుచుకుంటారు. అక్కడే పుట్టి పెరిగినట్టుండే హమాలీలు మాత్రం తువ్వాలు తలకు చుట్టుకుని టిక్కీ మీద టిక్కీ వీపుల మీదికి ఎత్తుకుంటూ పోతారు. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైచిలుకు. తేజ, 334, 341, బాడిగ రకాలు, ఎక్కడికక్కడ రాశులు. 334 మన లాం పరిశోధన ఫారం బిడ్డే. వ్యాపారి బస్తాలోకి చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు తీస్తాడు, ఒకటి విరుస్తాడు, రంగు చూస్తాడు, చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వింటాడు. ఆ తర్వాత వ్యవహారమంతా ఫోన్లలోనే. నిన్నటి రేటు వాట్సాప్‌లో, కమీషన్ కొట్టు లెక్క మెసేజ్‌లో, డబ్బు పడిందో లేదో బ్యాంకు వాళ్ల మెసేజ్‌లో. 2016లో ఈ-నామ్ ఆన్‌లైన్ మార్కెట్ వచ్చాక తెరమీద చూసుకోవాల్సినవి ఇంకా పెరిగాయి. ఎనభై ఏళ్ల రైతు కూడా జేబులోంచి ఫోన్ తీసి, దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి చూస్తాడు. రేటు నచ్చనివాడు సరుకును కోల్డ్ స్టోరేజీకి తోలుతాడు. అలా చలిలో దాచిన మిర్చికి బజారులో ‘ఏసీ సరుకు’ అని పేరు. దాని మీద ఇచ్చే బాండు చూపించి అప్పు కూడా తెచ్చుకుంటారు.

నేను వెళ్లిన కోల్డ్ స్టోరేజీ బయటినుంచి చూస్తే కిటికీలు లేని నాలుగంతస్తుల గోడ. ముందు గదిలో మనుషులు ఆగి, చెమట తుడుచుకుని, స్వెట్టర్లు వేసుకుని, చెవులకు తువ్వాళ్లు బిగించుకుని, ఆ తర్వాతే ఛాంబర్ తలుపు తీస్తారు. తలుపు మందం జానెడు. అది తెరుచుకోగానే కాళ్ల దగ్గర తెల్లటి పొగ పొర్లుతుంది. లోపల చలి కంటే ముందు తగిలేది ఘాటు. వేల బస్తాల మిర్చి ఘాటు కదలని గాలిలో నిలవ ఉండి గొంతును పట్టుకుంటుంది. పైన గొట్టాల మీద తెల్లగా పేరుకున్న మంచు. తలుపు పక్కన గోడకున్న మీటరులో 6 అని ఎర్రటి అంకె.

గుమాస్తా పని లాట్ నంబర్లు సరిచూడడం. ఏ రైతు సరుకు ఏ వరసలో ఏ అంతస్తులో పెట్టారో బస్తా మీది గుర్తును ఫోన్‌తో ఫోటో తీసి, కింద ఆఫీసుకి పంపి, పైనున్న ముఠా మేస్త్రికి ఫోన్ చేసి చెబుతాడు. అతని ఫోన్ మూడేళ్ల నాటిది. ఒక మూల అద్దం పగిలింది, కవరుకి రబ్బరు బ్యాండు వేసి అందులో చీటీలు దోపుకున్నాడు. లోపలికి పోయేటప్పుడు 34 శాతం చూపించింది. టార్చి వేసి బస్తాల సందుల్లో దూరి ఫోటోలు తీస్తూ, మధ్యమధ్య ఫోన్‌ని బస్తా మీద పెట్టి పుస్తకంలో రాసుకుంటూ అరగంట పైన గడిపాడు. 31 అయింది, 27 అయింది. మేస్త్రికి ఫోన్ కలిపాడు, టార్చి వెలుగుతూనే ఉంది. రెండోసారి రింగవుతుండగా తెర నల్లబడింది. మళ్లీ నొక్కితే కంపెనీ బొమ్మ ఒక్కసారి మెరిసి పోయింది.

“చూశారుగా, ఇదండీ దీని వరస. ఇప్పుడు బయటికెళ్లి కాసేపుంటే చచ్చినట్టు లేస్తుంది,” అన్నాడు. ముందు గది దాటి వరండాలో కూర్చున్నాం. టీ తాగి గ్లాసు కింద పెట్టే లోపలే ఫోన్ వెలిగింది. 29 శాతం.

పోయిన రెండు శాతం ఎక్కడినుంచి తిరిగొచ్చాయన్నది పెద్ద మర్మమేమీ కాదు. స్మార్ట్‌ఫోన్ బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైట్, ఇంకోవైపు కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్ పొర, మధ్యలో సన్నటి వడపోత, దాన్ని తడుపుతూ ఒక ద్రవం ఉంటాయి. మనం ఫోన్ వాడుతున్నప్పుడు లిథియం అయాన్లు ఆ ద్రవంలో ఈది ఇటునుంచి అటు పోతాయి, ఛార్జింగ్ పెట్టినప్పుడు అటునుంచి ఇటు వస్తాయి. చలి ముదిరితే ఆ ద్రవం చలికాలపు కొబ్బరినూనెలా చిక్కబడుతుంది. అయాన్లు నెమ్మదిస్తాయి. గ్రాఫైట్ పొరల్లోంచి బయటికి రావడానికి, అవతలి పొరల్లోకి దూరడానికి కూడా వాటికి ఎక్కువ సమయం పడుతుంది. అంటే బ్యాటరీ లోపలి నిరోధం పెరిగిందన్నమాట. ఊరికే ఉన్నంతసేపు ఏమీ తెలియదు. టార్చి, కెమెరా, కాల్ అన్నీ ఒక్కసారే కరెంటు అడిగితే వోల్టేజీ అమాంతం జారుతుంది. అది మూడు వోల్టులకు కాస్త పైన ఉండే హద్దును దాటి పడిపోగానే, బ్యాటరీకి దెబ్బ తగలకుండా ఫోన్ తనంతట తానే ఆరిపోతుంది. శక్తి ఎటూ పోలేదు, బయటికి రాలేకపోయింది. మైనస్ 20 డిగ్రీల్లో బ్యాటరీనుంచి రాబట్టగలిగేది దాదాపు సగమే అంటారు. చికాగో బస్టాప్‌లో మా వాడి ఫోన్‌కి జరిగింది అదే.

ఆరు డిగ్రీలకే ఆరిపోవాలా మరి? కొత్త ఫోన్ అయితే ఆరిపోదు. ఆ ఛాంబర్‌లో నా జేబులోని ఫోన్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. పాత బ్యాటరీలో నిరోధం ముందే పెరిగి ఉంటుంది, దాని మీద చలి ఇంకాస్త కలుస్తుంది. ప్రపంచమంతా ఈ సంగతి తెలుసుకున్నది 2017 డిసెంబరులో. పాత ఐఫోన్లు ఉన్నట్టుండి ఆరిపోకుండా వాటి వేగాన్ని తామే తగ్గిస్తున్నామని ఆపిల్ అప్పుడు ఒప్పుకుంది. బ్యాటరీ ముసలిదైనా, ఛార్జింగ్ తక్కువున్నా, చలిగా ఉన్నా అడిగినంత కరెంటు ఒక్కసారే ఇవ్వలేదని చెప్పింది. జనం కోర్టుకెక్కారు. ఆపిల్ 2018 ఏడాదికి బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. అమెరికాలో అంత రచ్చయిన సంగతి మన గుమాస్తా జేబులో రోజూ జరుగుతోంది. అయితే అతను దాన్ని ‘ఫోన్ వరస’ అని సరిపెట్టుకుంటున్నాడు.

ఇంకొక కారణం కూడా ఉంది, దాన్ని అక్కడ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. చలి బయటికి పోకుండా కట్టిన మందపాటి గోడల్లోంచి సిగ్నల్ కూడా సరిగ్గా లోపలికి రాదు. టవర్ అందని ఫోన్ ఊరుకోదు, గొంతు పెంచి వెతుకుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటకే బోలెడు కరెంటు పోతుంది. అంటే బ్యాటరీ అతి తక్కువ ఇవ్వగలిగే చోటే ఫోన్ అతి ఎక్కువ అడుగుతోంది. ఫోటోలు తీసేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బయటికొచ్చాక ఒకేసారి పంపమనీ, ఫోన్‌ని బస్తా మీద పెట్టకుండా స్వెట్టర్ లోపలి చొక్కా జేబులో పెట్టుకోమనీ చెప్పాను. మర్నాడు వెళ్లి అడిగితే మధ్యాహ్నం దాకా ఒక్కసారీ ఆరిపోలేదన్నాడు.

వరండాలో ఇంకో సంగతి చూశాను, నాకు దాన్ని గురించే ఎక్కువ బెంగగా ఉంది. ఛాంబర్ నుంచి బయటికి తెచ్చిన ఫోన్ అద్దం నిమిషంలో మసకబారింది, ఆ మసక చిన్నచిన్న బొట్లయింది. సముద్రం దూరం లేని నేల మాది. గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది. చల్లటి వస్తువు దొరికితే చాలు, ఆ తడి దాని మీద వాలుతుంది. అద్దం మీది బొట్లు తువ్వాలుతో తుడిస్తే పోతాయి. ఛార్జర్ పెట్టే రంధ్రంలో, పగిలిన మూల సందులో చేరినవి కనిపించవు. గుమాస్తా తుడిచీ తుడవకుండానే ఛార్జర్ గుచ్చబోయాడు. ఆపి, ఫ్యాను కింద పావుగంట పెట్టించాను. మన ఇళ్లలో ఇదే పొరపాటు ఇంకో రూపంలో జరుగుతోంది. మే నెలలో ఫోన్ కాలిపోతోందని ఫ్రిజ్‌లో పెడుతున్నారు. దయచేసి పెట్టకండి. ఫ్రిజ్ లోంచి తీసిన క్షణం నుంచే దానికి చెమట పడుతుంది, ఆ చెమట లోపలి బోర్డు మీద కూడా పడుతుంది.

బ్రాడీపేటలో సెల్ రిపేరు చేసే కుర్రాడు ఆ మాటే ఇంకా గట్టిగా చెప్పాడు. అతని బల్ల అంచున ఒక రేకు డబ్బా, అందులో ఇసుక, ఇసుక మీద ఉబ్బిన బ్యాటరీలు. మామూలు బ్యాటరీ అరటాకు ముక్కంత పల్చగా ఉండాలి, ఇవి వెండి దిండ్లలా లేచాయి. ఫోన్ లోపల తెల్లటి చిన్న చీటీ ఒకటుంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. పట్టకారుతో అలాంటిదొకటి ఎత్తి, “వానలో తడవలేదంటారండి, నీళ్లలో పడలేదంటారు. ఇది మాత్రం ఎర్రగా ఉంటుంది,” అన్నాడు. చలి వల్ల పాడైన బ్యాటరీ ఎప్పుడైనా వచ్చిందా అని అడిగితే నవ్వాడు. ఉబ్బినవి ఏ నెలల్లో వస్తాయని అడిగితే ఆలోచించకుండా ఏప్రిల్, మే, జూన్ అన్నాడు.

అతని డబ్బా దగ్గరే నాకు ఈ ప్రయాణం తేటతెల్లమైంది. చలి బ్యాటరీని ఆపుతుంది, వేడి తింటుంది. సున్నా కంటే తక్కువ చలిలో ఛార్జింగ్ పెడితే లిథియం గ్రాఫైట్ లోపలికి పోలేక పైపైన లోహంగా పేరుకుని శాశ్వతంగా చెడుతుంది, అది నిజం. అంత చలి మన నేల మీద పడడం చాలా అరుదు. వేడిలో మాత్రం లోపలి ద్రవం గ్రాఫైట్‌తో చర్య జరిపి పొర మీద పొర కడుతూనే ఉంటుంది. ఆ పొరలో చిక్కిన లిథియం మళ్లీ పనికిరాదు. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీని నలభై డిగ్రీల్లో ఏడాది ఉంచితే సామర్థ్యంలో మూడోవంతు దాకా పోతుంది. అదే బ్యాటరీని సగానికి తక్కువ ఛార్జింగ్‌తో సున్నా డిగ్రీల్లో ఉంచితే నూటికి రెండు పోతే గొప్ప.

గుంటూరు వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. మిర్చిని చలిలో ఎందుకు పెడతారో అందుకే. బయట ఉంచిన కాయలో ఎర్రరంగునిచ్చే పదార్థం గాలికీ వేడికీ విరిగిపోతుంది, జూన్ నాటికి కాయ వెలిసిపోతుంది, రేటు పడిపోతుంది. ఆరు డిగ్రీల్లో ఆ చర్య నెమ్మదిస్తుంది, కాయ రంగు నిలుస్తుంది. ఛాంబర్‌లో గుమాస్తా ఫోన్‌ని ఆపిందీ, బస్తాలోని మిర్చిని కాపాడిందీ ఒకటే చలి. చర్యలన్నీ మందగించడం మిర్చికి మేలైంది, పని చేయాల్సిన ఫోన్‌కి అడ్డమైంది. ఆ మిర్చినే ఎండలో వదిలేస్తే ఏమవుతుందో తెలిసిన రైతు, ఫోన్‌ని మాత్రం ట్రాక్టర్ ఇంజన్ పక్కన పెట్టుకుంటాడు. ఇది ఎవరూ అతనికి చెప్పకపోవడం వల్ల వచ్చిన నష్టం.

సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల మీదుగా బస్సు పడమటికి పోతుంటే నల్లరేగడి మీద మిరప చేలు, వాటి మధ్య పత్తి పీకేసిన బోడి దిబ్బలు. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ. గురజాల దాటాక రోడ్డుకి అటూ ఇటూ కళ్లాలు, ఎకరాలకు ఎకరాలు ఎర్ర తివాచీ పరిచినట్టు. రెంటచింతల వచ్చేసరికి మధ్యాహ్నం. ప్రతి వేసవిలో వార్తలు చదివేవాళ్లకు ఈ ఊరిని పరిచయం చేయనక్కర్లేదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అనగానే వినిపించే పేరు ఇదే. వాతావరణ శాఖ ఇక్కడ కొలుస్తుంది కాబట్టి పేరు దీనికి పడింది. చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఎండ ఇంతే.

కళ్లం పక్కన పట్టాలతో వేసిన గుడారాలు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి వలస వచ్చిన కూలీలు అందులో ఉంటారు. పత్తి తీతలకు వచ్చి, మిరప కోతలు అయ్యేదాకా ఉండి వెళ్తారు. పిల్లల్ని ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలి వచ్చినవాళ్లు ఎక్కువ. రాత్రి భోజనాలయ్యాక వీడియో కాల్ కోసమే ఆ ఫోన్లు బతకాలి. గుడారాల్లో కరెంటు లేదు. బోరు షెడ్డులో మోటారు స్టార్టర్ పక్కన చెక్కకి బిగించిన ప్లగ్గు బోర్డు, దానికి వేలాడుతూ డజను ఫోన్లు. ఎవరిది ఏదో తెలియడానికి ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి బొట్టుబిళ్ల. రేకుల షెడ్డు లోపల అడుగుపెడితే ముఖానికి సెగ కొట్టింది. పగటి కరెంటు ఇచ్చే వేళల్లోనే ఛార్జింగ్, ఆ వేళల్లోనే ఎండ. నిండా ఛార్జింగూ, నలభైకి పైగా వేడీ రెండూ ఒకేసారి. బ్యాటరీని చంపడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

“ఎర్రదారం నాదేనయ్యా. సంక్రాంతికి కొన్నాం. అప్పుడు రాత్రి దాకా వచ్చేది, ఇప్పుడు సాయంత్రానికే అయిపోతోంది,” అంది ఒకావిడ, కాయల్లోంచి తాలు ఏరుతూ. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు, దానికి వేరే రేటు. ఎందుకు తెల్లబడుతుందంటే తడి, పురుగు, ఎండ అని వేళ్లు మడిచి చెప్పింది. ఫోన్‌కీ ఎండ పనికిరాదమ్మా, ఆ బోర్డుని షెడ్డు బయట వేపచెట్టు కిందికి మార్పించండి అన్నాను. రైతుని పిలిచింది. ఆయన వైరు పొడవు చూసి, కొంచెం కలిపితే చాలన్నాడు. మేం టీ తాగుతుండగానే బోర్డు చెట్టు మొదట్లోకి వచ్చింది, పైన గోనెసంచి కప్పారు. గోనెను తీసేయమన్నాను. గాలి ఆడాలి కదా.

ఐఫోన్ వాడుక సూచనల్లో ఒక వాక్యం ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వాడండి, ఆపేసి దాచేటప్పుడైతే మైనస్ 20 నుంచి 45 దాకా పర్వాలేదు అని. సున్నా దగ్గర గీసిన గీత చలిదేశాల వాళ్లకు పనికొస్తుంది. ఆ గీతను మన గుంటూరు కోల్డ్ స్టోరేజీ కూడా దాటదు. 35 దగ్గర గీసిన గీతను మాత్రం పల్నాడు, ప్రకాశం పల్లెలు మార్చిలోనే దాటేస్తాయి, జూన్ వానల దాకా వెనక్కి రావు. నీడలో కొలిచే లెక్కే అది. చొక్కా జేబులో, ట్రాక్టర్ బానెట్ మీద, స్కూటర్ డిక్కీలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2015 నుంచే షావోమీ ఫోన్లు తయారయ్యాయి. మన ఎండలోనే తయారవుతున్న ఫోన్ల వాడుక సూచనల్లో మన ఎండకు చోటు లేకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. రెంటచింతల కళ్లంలో మే నెల ఎండలో రోజంతా పనిచేసి చూపించిన ఫోన్‌నే ఇక్కడ అమ్మనివ్వాలి అంటాను నేను. ఈ లిథియం బ్యాటరీని సోనీ 1991లో బజారులోకి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడ్ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. ఇన్నేళ్ల విద్య ఉన్నవాళ్లకు ఇంకో పది డిగ్రీలు ఓర్చుకునే ఫోన్ అసాధ్యమని నేననుకోను.

మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం మీదుగా మార్కాపురం. నల్లమల అంచు దారి, ఎర్రనేల, బీడు, మధ్యమధ్య బోర్ల కింద పత్తి, మిరప. పత్తి రైతుకి ఫోన్ ఎంత అవసరమైందో మార్కాపురంలో తెలిసింది. 2025లో పత్తి కార్పొరేషన్ కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చింది. ఆ సీజన్లో పొడుగు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర, క్వింటాలుకి 8,110 రూపాయలు, కావాలంటే రైతు అందులో పేరు నమోదు చేసుకుని, ఏ రోజు సరుకు తెస్తాడో స్లాటు తీసుకోవాల్సి వచ్చింది. ఓటీపీ వచ్చే క్షణానికి ఫోన్ బతికి ఉండాలి. బస్టాండు దగ్గర టీకొట్టులో కూర్చున్న ఒక పెద్దాయన, స్లాటు కోసం మనవడిని బడి మాన్పించి కూర్చోబెట్టాననీ, సరిగ్గా నంబరు వచ్చే వేళకి ఫోన్ ఆరిపోయిందనీ, అది లేచేసరికి ఆ నంబరు గడువు తీరిందనీ చెప్పాడు. చలికాలం పొద్దున కదా, చలికే ఆరిపోయిందనుకున్నాడు. ఆ రోజు చలి పదిహేను, పదహారు డిగ్రీలు ఉండి ఉంటుంది. దానికి ఏ మంచి బ్యాటరీ బెదరదు. ఫోన్ వెనక మూత చూపించాడు. ఒక పక్క లేచి ఉంది, సందులో గోరు పడుతోంది. రెండు వేసవుల పాటు మోపెడ్ ముందు సంచిలో తిరిగిన ఫోన్ అది. అసలు దెబ్బ మేలో తగిలింది, చలికాలంలో బయటపడింది. ఇక దాన్ని ఛార్జింగ్ పెట్టవద్దనీ, ఒత్తవద్దనీ, గుచ్చవద్దనీ, ఈ పూటే బ్యాటరీ తీయించమనీ చెప్పి అక్కడినుంచి లేచాను.

పొదిలి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు. నా ప్రయాణంలో ఇవే చివరి మజిలీ. గుంటూరులో ఆరు డిగ్రీల గది చూసినవాణ్ణి డెబ్భై డిగ్రీల గది చూడకుండా ఎలా వెళ్తాను? కర్రలకు అల్లిన ఆకు కప్పుదాకా అంతస్తులుగా వేలాడుతుంది, కింద రేకు గొట్టాల్లోంచి వేడి పోతుంది. ముందు ఆకు పండాలి, తర్వాత ఆరాలి, ఆఖరున ఈనె ఎండాలి. ఈనె ఎండేటప్పుడు లోపల డెబ్భై దాకా పోతుంది. తలుపులో చిన్న అద్దం, దాని వెనక వేలాడే థర్మామీటరు. బ్యారన్ రైతు పొయ్యి నోట్లో కట్టె ఎగదోసి, అద్దంలోంచి చూసి, ఇంకో కట్టె పెట్టాలా వద్దా అని నిర్ణయిస్తాడు. రాత్రంతా అదే పని. ఒక్క రాత్రి వేడి అదుపు తప్పితే ఆకు మచ్చపడుతుంది, వేలంలో గ్రేడు పోతుంది.

నిద్ర ఆపుకోవడానికి ఆయన ఫోన్‌లో పాత సినిమాలు చూస్తాడు. పొయ్యి పక్కనున్న అరుగు మీద, ఛార్జర్‌కి తగిలించే ఉంచి. ఫోన్ బ్యాటరీ వేడి చూపించే యాప్ నా దగ్గర ఉంటే ఆయన ఫోన్‌లో కూడా వేసి చూపించాను. 46. “ఫోన్‌కీ థర్మామీటరు ఉందా అన్నా?” అని నమ్మలేనట్టు అడిగాడు. వెంటనే ఫోన్‌ని తీసి, బ్యారన్ వెనక తాటాకు పందిరి కింద నీళ్ల కుండ ఉన్న చోటికి తెచ్చాడు. కుండకు ఆనించబోతే వద్దన్నాను, తడి. పక్కన బల్ల మీద పెట్టాడు. 44, 41, 38. ఆకు ఆరబెట్టేవాడి ఓపికతో ప్రతి అంకెనూ చదివాడు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలన్నీ పనికొచ్చేవే. ఎంత దాకా పర్వాలేదు? నలభై దాటనివ్వకు అన్నాను. నిండా ఛార్జింగ్ పెట్టాలా? ఎనభై దగ్గర తీసేయ్, కొత్త ఫోన్లలో అక్కడే ఆగే ఏర్పాటు కూడా ఉంటుంది. సినిమా చూస్తూ ఛార్జింగ్ పెట్టొచ్చా? ఈ వేడిలో వద్దు, ఏదో ఒకటి చెయ్యి. రెండేళ్లయింది, సాయంత్రానికి ఆగడం లేదు, కొత్త ఫోన్ కొనాలా? అక్కర్లేదు, బ్యాటరీ మార్పించు, కాకపోతే రోడ్డు పక్క చవక సరుకు కాకుండా కంపెనీ వాళ్ల కేంద్రంలోనే వేయించుకో. ఒంగోలు పోవాలంటే ఒక పూట పోతుంది, బ్యారన్ ఎవరు చూస్తారు అన్నాడు. పక్క బ్యారన్‌లో ఉన్న బావమరిదిని కేకేసి పిలిచాడు. ఇద్దరూ కట్టెల లెక్క మాట్లాడుకున్నారు. ఈ బ్యారన్ ఆకు దించాక, రెండోది ఎక్కించే మధ్యలో ఒక రోజు దొరుకుతుందని తేల్చుకున్నారు. ఆ రోజు బావమరిది ఫోన్ కూడా తీసుకుపోవాలని, ఇద్దరి బ్యాటరీలూ ఒకేసారి మార్పించుకురావాలని ఒప్పందం అయ్యాక, ఆయన లేచి వెళ్లి అద్దంలోంచి థర్మామీటరు చూసి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాడు.